బీఎంఎస్ స్క్రీన్ మీద వేల అలారాలు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

హైదరాబాద్‌లో ఒక ఐటీ ఆఫీసు బిల్డింగ్‌లో కొత్తగా బీఎంఎస్ (బిల్డింగ్‌లోని ఏసీలు, పంపులు, కరెంటు పరికరాలను ఒకే స్క్రీన్ నుంచి గమనించి నడిపే సిస్టమ్) బాధ్యత తీసుకున్నానని, స్క్రీన్ తెరిస్తే 4,000కు పైగా యాక్టివ్ అలారాలు కనిపిస్తున్నాయని, రాత్రంతా ఫోన్‌కి మెసేజ్‌లు వస్తున్నాయని రాశారు. మేనేజర్ గారేమో "ముఖ్యమైనవి ఉంచి మిగతావన్నీ డిసేబుల్ చేసెయ్" అన్నారట. ఆ ముఖ్యమైనవి ఏవో ఎలా తేల్చాలి, లిమిట్లు కాస్త పెంచితే సరిపోదా అని మీరు అడిగారు.

సూటిగా చెప్తాను. అది మోగినప్పుడు ఎవరో ఒకరు లేచి వెళ్లి చేయాల్సిన పని ఉంటేనే దాన్ని అలారంగా ఉంచండి. పని ఏమీ లేకపోతే అది సమాచారం మాత్రమే. ట్రెండ్‌లోనో లాగ్‌లోనో పడి ఉంటుంది, కావలసినప్పుడు చూసుకుంటారు. ప్రతి పాయింట్‌కీ (సెన్సర్ నుంచో స్విచ్ నుంచో బీఎంఎస్‌కి వచ్చే ఒక్కో సిగ్నల్‌కీ) "ఇది వస్తే ఎవరు, ఏం చేస్తారు, ఎంతసేపట్లో చేయాలి" అని ఒక్క వాక్యం రాయగలగాలి. రాయలేకపోతే దాన్ని తీసేయవచ్చు. లిమిట్లు పెంచడం చివరి మార్గం. ఒకేసారి వందలు డిసేబుల్ చేయడం మాత్రం అస్సలు వద్దు, ఎందుకంటే మీ 4,000లో నిజంగా చెడిపోయినవి కూడా ఉంటాయి, అవేవో ఇంకా మీకు తెలియదు.

ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. బిల్డింగ్ కట్టేటప్పుడు కన్సల్టెంట్ ఇచ్చే ఐఓ సమ్మరీలో (పాయింట్లన్నిటి జాబితాలో) అలారం కాలమ్ చూడండి, దాదాపు ప్రతి వరుసకీ టిక్ ఉంటుంది. టిక్ ఎందుకు పెట్టావని అడిగేవాళ్లు ఉండరు, పెట్టకపోతే అడుగుతారు. తర్వాత కమిషనింగ్ ఇంజనీరు ఒక ఏహెచ్‌యూకి (ఫ్లోర్‌కి చల్లగాలి పంపే పెద్ద ఫ్యాన్ యూనిట్‌కి) టెంప్లేట్ చేసి మిగతా అన్నిటికీ కాపీ కొడతాడు. సప్లై ఎయిర్, రిటర్న్ ఎయిర్, ఫిల్టర్, ఫ్యాన్ స్టేటస్, వాల్వ్ ఫీడ్‌బ్యాక్ అన్నిటికీ అలారమే, అన్నీ ఒకే ప్రయారిటీలో. హ్యాండోవర్ రోజు డెమో బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తర్వాత ఆ సెట్టింగుల జోలికి ఎవరూ వెళ్లరు.

ఇలాంటి సైట్‌లో ఆపరేటర్ ముందు హూటర్ నోరు మూయిస్తాడు, తర్వాత "అక్నాలెడ్జ్ ఆల్" (అన్నీ చూశాను అనే) బటన్‌కి అలవాటు పడతాడు. అతన్ని తప్పుపట్టలేం. నేను కొత్త సైట్‌కి వెళ్తే ముందు హూటర్ వైపు చూస్తాను. దాని మీద టేపు చుట్టి ఉంటే మిగతా కథ అడగక్కర్లేదు.

ఫ్యాక్టరీల వాళ్లు ఈ పాఠాన్ని పెద్ద మూల్యం చెల్లించి నేర్చుకున్నారు. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్ఫర్డ్ హేవెన్ దగ్గర టెక్సకో రిఫైనరీలో పేలుడు జరిగింది. ఆ పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల మీద 275 అలారాలు వచ్చిపడ్డాయని విచారణలో తేలింది. వాటిలో పనికొచ్చేదాన్ని వెతికి పట్టుకోవడం ఎవరి తరం? అలారాలను ఎలా నిర్వహించాలో చెప్పే ఈఈఎంయూఏ 191 గైడ్ 1999లో, ఐఎస్ఏ 18.2 స్టాండర్డ్ 2009లో వచ్చాయి. ఒక ఆపరేటర్‌కి సగటున 10 నిమిషాలకు ఒక అలారం, అంటే రోజుకు సుమారు 150 వరకు తట్టుకోవచ్చని, 10 నిమిషాల్లో 10 దాటితే దాన్ని వరదగా లెక్కించాలని అవి చెప్తాయి. అది స్క్రీన్ ముందు నుంచి కదలని ప్లాంట్ ఆపరేటర్ లెక్క. మన బీఎంఎస్ ఆపరేటర్ మధ్యలో హెల్ప్‌డెస్క్ ఫోన్లు ఎత్తాలి, వెండర్‌కి గేట్‌పాస్ రాయించాలి, లాగ్‌షీట్లు నింపాలి. ఆఫీసు బిల్డింగ్‌లో రోజుకు 150 కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, గత 30 రోజుల అలారం హిస్టరీని ఎక్సెల్‌లోకి తీయండి. పాయింట్ పేరు మీద పివట్ వేసి, ఎక్కువ సార్లు వచ్చినవి పైకి వచ్చేలా సార్ట్ చేయండి. నేను చూసిన ప్రతి చోటా సగానికి పైగా గోల చేసేది గుప్పెడు పాయింట్లే. ఒక ఫ్లోట్ స్విచ్, రెండు మూడు ఫిల్టర్ స్విచ్‌లు, మాటిమాటికీ పోయి వచ్చే ఒక కంట్రోలర్, అంతే. పై పదింటినీ ఈ వారం సరిచేస్తే మీ ఫోన్ చాలావరకు ఊరుకుంటుంది. మేనేజర్ గారికి చూపించడానికి కూడా అదే షీట్ పనికొస్తుంది. "డిసేబుల్ చేశాను" అనే బదులు "ఈ సంప్ ఫ్లోట్ మార్పించాను, దీంతో ఇన్ని తగ్గాయి" అని చెప్పవచ్చు.

ఆ షీట్‌లో మీకు ఎదురయ్యే రకాలు ఇవి.

మొదటిది టపటపా కొట్టుకునేది. సంప్‌లో నీళ్లు అలలు వేస్తుంటే ఫ్లోట్ స్విచ్ నిమిషంలో పది సార్లు ఆన్, ఆఫ్ అవుతుంది. నిమిషంలో మూడు సార్లు, అంతకు మించి వచ్చిపోతే దాన్ని చాటరింగ్ అంటారు. దీనికి టైమ్ డిలే పెట్టాలి. ప్లాంట్లలో మొదటి అంచనాగా లెవెల్, టెంపరేచర్‌లకు 60 సెకన్లు, ఫ్లో, ప్రెజర్‌లకు 15 సెకన్లు వాడతారు. గది టెంపరేచర్ అంత త్వరగా మారదు కాబట్టి ఆఫీసు ఫ్లోర్‌కి నేను 15 నిమిషాలు కూడా పెడతాను. ఎవరూ దాని వల్ల ఇబ్బంది పడలేదు.

అనలాగ్ పాయింట్ (ఆన్, ఆఫ్ కాకుండా అంకె చూపించేది) అయితే డెడ్‌బ్యాండ్ చూడండి. చిల్డ్ వాటర్ సప్లై సెట్‌పాయింట్ 7 డిగ్రీలు, హై లిమిట్ 10 అనుకుందాం. డెడ్‌బ్యాండ్ సున్నా ఉంటే 10.1కి అలారం, 9.9కి నార్మల్, మళ్లీ 10.1కి అలారం. డెడ్‌బ్యాండ్ 1 పెడితే 10 దాటినప్పుడు వచ్చిన అలారం 9 కంటే కిందికి దిగాకే పోతుంది. చాలా సైట్లలో ఇది సున్నాగానే వదిలేసి ఉంటుంది. మార్చడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

రెండో రకం, మెషిన్ ఆగి ఉన్నప్పుడు వచ్చే అలారాలు. మీ 4,000లో అధిక భాగం ఇవే అయి ఉంటాయని నా అనుమానం. సాయంత్రం ఏహెచ్‌యూలు ఆపేస్తారు. హైదరాబాద్ ఏప్రిల్, మే నెలల్లో ఆఫీసు ఫ్లోర్ రాత్రికి 30 డిగ్రీలు దాటుతుంది, దాటాలి కూడా, ఏసీ ఆపేశాం కదా. కానీ జోన్ టెంపరేచర్ హై అని ప్రతి మీటింగ్ రూమ్ నుంచి ఒక మెసేజ్ వస్తుంది. పొద్దున చిల్లర్ స్టార్ట్ అయినప్పుడు పైపుల్లో నీళ్లు 20 డిగ్రీల మీద ఉంటాయి, సప్లై టెంపరేచర్ హై అని మళ్లీ మోత. ఇక్కడ లిమిట్ పెంచితే పగలు నిజంగా ఏసీ పనిచేయనప్పుడు కూడా అలారం రాదు. చేయాల్సింది వేరు: ఫ్యాన్ రన్ స్టేటస్ ఆన్‌లో ఉండి అరగంట గడిస్తేనే ఆ ఏహెచ్‌యూ కింది టెంపరేచర్ అలారాలు పనిచేసేలా లాజిక్ రాయించండి. బ్యాక్‌నెట్ (బీఎంఎస్ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రోటోకాల్) కొత్త కంట్రోలర్లలో దీనికోసం ఈవెంట్ అల్గారిథమ్ ఇన్హిబిట్ అనే ప్రాపర్టీ ఉంటుంది. పాత వాటిలో అయితే ప్రోగ్రామ్‌లోనే కట్టుకోవాలి.

మూడో రకం రోజుల తరబడి కదలకుండా కూర్చునేవి. 24 గంటలు దాటి యాక్టివ్‌గా ఉన్నవాటిని స్టేల్ అంటారు. ఇక్కడ మాత్రం సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని లాభం లేదు, ఫ్లోర్ మీదకి వెళ్లాలి. నాకు ఎక్కువగా కనబడే కారణం చెప్తాను. "ఫ్యాన్ కమాండ్, స్టేటస్ సరిపోలడం లేదు" అని అలారం. వెళ్లి చూస్తే ఏహెచ్‌యూ ప్యానెల్ మీద సెలెక్టర్ స్విచ్ లోకల్‌లో ఉంటుంది. టెక్నీషియన్ బెల్టు మార్చి, టెస్ట్ చేసి, ఆటోలోకి తిప్పకుండా వెళ్లిపోయాడు. ఆ మెషిన్ రాత్రంతా తిరుగుతూ ఉంటుంది, కరెంటు బిల్లు మీద పడుతుంది, బీఎంఎస్ నెలల తరబడి అదే మాట చెప్తూ ఉంటుంది. ఈ అలారం తీసేయాల్సింది కాదు, స్విచ్ తిప్పాల్సింది.

ఫిల్టర్ డర్టీ అలారాల్లోనూ ఇంతే. గచ్చిబౌలిలో ఒక బిల్డింగ్‌లో ఫిల్టర్లు మార్చిన మర్నాడే మళ్లీ డర్టీ అని వచ్చేవి. హౌస్‌కీపింగ్ వాళ్లు సరిగా కడగట్లేదని గొడవ కూడా అయింది. డీపీ స్విచ్ (ఫిల్టర్‌కి రెండు వైపులా ఉన్న ప్రెజర్ తేడాను బట్టి పనిచేసేది) మూత తీసి చూస్తే లోపలి డయల్ అన్నిటికీ కనిష్ఠం మీదే ఉంది. బిగించిన రోజు నుంచి ఎవరూ తిప్పలేదు. ఫిల్టర్ తయారీదారు చెప్పిన ఫైనల్ ప్రెజర్ డ్రాప్‌కి తగ్గట్టు తిప్పాక ఆ అలారాలు ఆగిపోయాయి. పైగా ఫిల్టర్ నిండిందని అర్ధరాత్రి ఎవరినీ లేపనక్కర్లేదు. దాన్ని ఈవెంట్‌గా మార్చి, సోమవారం పొద్దున వచ్చే రిపోర్టులో పడేలా చేయండి.

సర్వీసులో ఉన్న మెషిన్లకు, పంపు విప్పేసి మోటార్ వైండింగ్‌కి పంపారనుకోండి, ఆ పాయింట్లను షెల్వ్ చేయండి. షెల్వ్ అంటే గడువు పెట్టి పక్కన పెట్టడం. గడువు లేకుండా డిసేబుల్ చేసినదాన్ని తిరిగి ఎవరూ ఎనేబుల్ చేయరు, ఇది అనుభవం మీద చెప్తున్న మాట. మీ సాఫ్ట్‌వేర్‌లో ఆ సౌకర్యం లేకపోతే షిఫ్ట్ లాగ్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించండి: పాయింట్, కారణం, ఎవరు ఆపారు, ఎప్పటిదాకా. షిఫ్ట్ హ్యాండోవర్‌లో ఆ పేజీ చదవాలి.

ఇప్పుడు ఈబీ (బయటి నుంచి వచ్చే కరెంటు) పోయినప్పుడు వచ్చే వరద సంగతి. ఇది మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాలి. కరెంటు పోయి డీజీ (డీజిల్ జనరేటర్) లోడు తీసుకునేలోపు బిల్డింగ్‌లో ప్రతి ఫ్యాన్, ప్రతి పంపు ఆగిపోతుంది. కమాండ్ ఆన్, స్టేటస్ ఆఫ్, కాబట్టి అన్నీ ఫాల్ట్. నిమిషం తిరక్కుండానే వందల అలారాలు. సరిగ్గా అదే నిమిషంలో మీకు కావలసింది ఒకే ఒక్క సమాచారం: డీజీ స్టార్ట్ అయిందా లేదా. అది ఆ గుట్టలో ఎక్కడో కింద ఉంటుంది.

అందుకే "ఈబీ ఫెయిల్" అని ఒక్క పెద్ద అలారం పెట్టి, అది యాక్టివ్‌గా ఉన్నప్పుడూ, కరెంటు తిరిగి వచ్చాక ఐదు నిమిషాల దాకానూ మెకానికల్ ఫాల్ట్ అలారాలన్నిటినీ ఆపేయాలి. డీజీ ఫెయిల్ టు స్టార్ట్, యూపీఎస్, ఫైర్ పంపు, లిఫ్ట్ అలారాలను మాత్రం ఈ అణచివేతలో ఎప్పుడూ కలపకండి. యూపీఎస్ బ్యాటరీ మీదకి వెళ్లిందన్నది ఆ క్షణానికి మామూలే. రెండు నిమిషాల తర్వాత కూడా బ్యాటరీ మీదే ఉందంటే పరుగెత్తాలి. అలారం ఆ రెండోదానికి పెట్టండి. కంట్రోలర్ ఆఫ్‌లైన్ అయినప్పుడు కూడా ఇదే సూత్రం. ఒక ఎంఎస్‌టీపీ కేబుల్ (కంట్రోలర్లను వరుసగా కలిపే నెట్‌వర్క్ వైరు) తెగితే దాని మీది పాయింట్లన్నీ ఒక్కొక్కటిగా అరవకూడదు, "నాలుగో అంతస్తు ట్రంక్ డౌన్" అని ఒకటి రావాలి.

ప్రయారిటీల విషయం క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే దీని మీద అవసరానికి మించి మీటింగులు జరుగుతాయి. బ్యాక్‌నెట్‌లో ప్రయారిటీ 0 నుంచి 255 వరకు ఉంటుంది, సున్నా అన్నిటికంటే పెద్దది. మనుషులకు అన్ని మెట్లు అక్కర్లేదు, మూడు చాలు. క్రిటికల్: వెంటనే ఫోన్. హై: ఈ షిఫ్ట్‌లోనే చూడాలి. లో: ఈ వారంలో. ప్లాంట్ల గైడ్లు 5, 15, 80 శాతం అనే పంపకం సూచిస్తాయి. మీ లిస్టులో క్రిటికల్ 5 శాతం దాటితే మళ్లీ కూర్చుని కోయండి. ప్రతి డిపార్ట్‌మెంట్ వాళ్లూ తమది క్రిటికల్ అంటారు. "సరే సార్, రాత్రి రెండింటికి దీనికోసం మీకే ఫోన్ వస్తుంది" అని చెప్పి చూడండి, సగం అక్కడికక్కడే కిందికి దిగిపోతాయి.

ఆఫీసు బిల్డింగ్‌లో నా క్రిటికల్ లిస్టు చాలా చిన్నది. డీజీ స్టార్ట్ కాకపోవడం, యూపీఎస్ బ్యాటరీ మీద ఉండిపోవడం, సర్వర్ రూమ్, హబ్ రూమ్ టెంపరేచర్, వాటర్ లీక్ సెన్సర్, ఫైర్ ట్యాంక్ లెవెల్, ఫైర్ పంపు ప్యానెల్ ఆటోలో లేకపోవడం, బేస్‌మెంట్ సంప్ హై లెవెల్, లిఫ్ట్‌లో మనుషులు ఇరుక్కోవడం. వానాకాలంలో బేస్‌మెంట్ సంప్ మిగతా అన్నిటికంటే పైకి వస్తుంది. సర్వర్ రూమ్‌కి ఆష్రే (ఏసీ రంగ ఇంజనీర్ల సంస్థ) సిఫార్సు చేసే పరిధి 18 నుంచి 27 డిగ్రీలు. 27కి ఒక హై అలారం, 30కి క్రిటికల్ పెట్టుకుంటే మధ్యలో స్ప్లిట్ ఏసీ రీసెట్ చేసుకునే సమయం దొరుకుతుంది.

ఇంత చేసినా మెసేజ్ సరైన మనిషికి చేరకపోతే అంతా వృథా. ఒక సైట్‌లో శనివారం రాత్రి హబ్ రూమ్ ఏసీ ట్రిప్ అయింది. అలారం సరిగ్గా వచ్చింది, ఎస్ఎంఎస్ కూడా వెళ్లింది. కాకపోతే అది ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఇంజనీరు నంబరుకి వెళ్లింది. నెట్‌వర్క్ స్విచ్‌లు వేడెక్కి షట్‌డౌన్ అయ్యాక ఐటీ వాళ్ల నుంచి ఫోన్ వస్తే గానీ ఎవరికీ తెలియలేదు. అప్పటి నుంచి వ్యక్తుల నంబర్లు పెట్టనివ్వను, డ్యూటీ ఫోన్ నంబరు పెట్టిస్తాను. ఆ ఫోన్ షిఫ్ట్‌తో పాటు చేతులు మారుతుంది. బ్యాక్‌నెట్ నోటిఫికేషన్ క్లాస్‌లో (అలారం ఎవరికి వెళ్లాలో చెప్పే సెట్టింగ్‌లో) రిసీపియెంట్ లిస్టుకి రోజులు, టైములు కూడా పెట్టుకోవచ్చు, చాలామంది ఆ కాలమ్‌లు ఖాళీగా వదిలేస్తారు. పగలు స్క్రీన్‌కి, రాత్రి డ్యూటీ ఫోన్‌కి వెళ్లేలా అక్కడే సర్దవచ్చు.

క్రిటికల్ అయితే 10 నిమిషాల్లో ఎవరూ అక్నాలెడ్జ్ చేయకపోతే షిఫ్ట్ ఇంజనీరుకి, ఇంకో 10 నిమిషాలకు ఫెసిలిటీ మేనేజర్‌కి వెళ్లేలా ఎస్కలేషన్ పెట్టండి. "అక్నాలెడ్జ్ ఆల్" హక్కు ఆపరేటర్ లాగిన్ నుంచి తీసేయండి, కనీసం క్రిటికల్ వాటికైనా. నార్మల్‌కి వచ్చిందన్న మెసేజ్ క్రిటికల్‌కి మాత్రం ఉంచండి, మిగతావాటికి ఆపితే మెసేజ్‌లు సగం తగ్గుతాయి.

మెయిల్, ఎస్ఎంఎస్ దారి బతికే ఉందా అనేది కూడా చూడాలి. మన దగ్గర చాలా బీఎంఎస్ సర్వర్లు ఒక జీమెయిల్ ఐడీ పెట్టి అలారం మెయిళ్లు పంపేవి. గూగుల్ 2022 మే 30 నుంచి కేవలం పాస్‌వర్డ్‌తో అలా లాగిన్ కావడాన్ని ఆపేసింది. మెయిళ్లు రావడం లేదంటే అలారాలు లేవనుకుని సంతోషపడిన సైట్లు ఉన్నాయి. ఎస్ఎంఎస్ గేట్‌వే వాడితే ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు పోర్టల్‌లో) మీ మెసేజ్ టెంప్లేట్ నమోదై ఉండాలి, దానికి సరిపోలని మెసేజ్ దారిలోనే ఆగిపోతుంది. కాబట్టి మెసేజ్ వాక్యం మార్చే ముందు ఆ సంగతి కనుక్కోండి. రోజూ ఉదయం 9 గంటలకు ఒక టెస్ట్ మెసేజ్ డ్యూటీ ఫోన్‌కి వచ్చేలా పెట్టుకుంటే మంచిది. రాని రోజు ముందు దాని సంగతి చూస్తారు.

వాక్యం అంటే గుర్తొచ్చింది. "ఏహెచ్‌యూ 3ఎఫ్ 02 ఎస్ఎఫ్ ఎఫ్ఎల్‌టీ" అని వస్తే కొత్తగా చేరిన కుర్రాడికి ఏం అర్థమవుతుంది? "3వ అంతస్తు తూర్పు ఏహెచ్‌యూ, ఫ్యాన్ తిరగడం లేదు. సెలెక్టర్ స్విచ్, ఓవర్‌లోడ్ రిలే చూడండి" అని రాయండి. మీ సిస్టమ్ తెలుగు లిపి చూపించకపోయినా ఇంగ్లిష్ అక్షరాల్లో రాయండి, టెక్నీషియన్‌కి అర్థం కావడమే కావాలి.

కొన్ని చోట్ల మాత్రం పైన చెప్పినవి నేరుగా చేయకూడదు. ఫైర్ అలారం ప్యానెల్ స్వతంత్రంగా పనిచేయాలి, బీఎంఎస్‌లో కనిపించేది దాని నీడ మాత్రమే. డిటెక్టర్ తప్పుడు అలారాలు ఇస్తుంటే బీఎంఎస్‌లో డిలే పెట్టడం కాదు, ఫైర్ వెండర్‌ని పిలిచి డిటెక్టర్ శుభ్రం చేయించాలి. ఫార్మా ప్లాంట్‌లో క్లీన్ రూమ్ ప్రెజర్ అలారం డిలే ఒక్క సెకను మార్చాలన్నా చేంజ్ కంట్రోల్ (మార్పులకు రాతపూర్వక అనుమతి పద్ధతి) ద్వారా, క్యూఏ (నాణ్యత విభాగం) సంతకంతో జరగాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ అలారం వస్తోందని అక్కడ సొంతంగా సెట్టింగులు మార్చితే ఆడిట్ ట్రెయిల్‌లో మీ పేరే ఉంటుంది. ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లకు, వ్యాక్సిన్లు ఉంచే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లకు కూడా అక్కడి బాధ్యులతో కూర్చుని రాతపూర్వకంగా నిర్ణయించాకే మార్చాలి.

చివరగా, వెండర్ ప్రతి మార్పుకీ డబ్బులు అడుగుతున్నాడని రాశారు. లిమిట్, డిలే, డెడ్‌బ్యాండ్, ప్రయారిటీ, మెసేజ్ వాక్యం, ఇవన్నీ సాధారణంగా ఇంజనీరు స్థాయి లాగిన్‌తో మీరే చేసుకోవచ్చు. ఆ లాగిన్ ఇవ్వనంటే మేనేజర్ గారి ద్వారా అడగండి, సిస్టమ్ మీది. ఈబీ ఫెయిల్ అణచివేత, ఫ్యాన్ స్టేటస్‌తో ముడిపెట్టే లాజిక్ లాంటివి ప్రోగ్రామింగ్ కాబట్టి వెండరే చేయాలి. విడివిడిగా కోట్ తీసుకోకుండా ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) రెన్యువల్ సమయంలో పనుల జాబితాలో చేర్పించండి, అప్పుడు మాట చెల్లుతుంది. ఏది ముట్టుకునే ముందైనా డేటాబేస్ బ్యాకప్ తీసి, ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. వెండర్ ల్యాప్‌టాప్‌లో ఉన్నదాన్ని నమ్ముకోవద్దు. పివట్ షీట్‌లో పై పది పాయింట్లు ఏవో వచ్చాక పేర్లు మార్చి ఇక్కడ పెట్టండి, ఒక్కోదానికి ఏం చేయాలో చెప్తాను.